కేరేజీ ఇచ్చే ముందు అమ్మ నాన్న గడ్డం తడిమేది

మా చిన్నప్పుడు... హిందీవాళ్ళ ఊళ్ళో, బారిడీహ్‌లోని మా కార్ఖానా క్వార్టర్లో తెల్లవారేది నాన్న గడ్డం బ్రష్ చప్పుడుతోనే. పెరటి గోడకు అద్దం తగిలించి, డబ్బాలోని గుండ్రటి సబ్బు మీద బ్రష్ గిరగిరా తిప్పేవారు. నురగ చెవుల దాకా పూసుకుని మా చెల్లిని భయపెట్టేవారు...

నాన్నది కార్ఖానాలో గ్యాస్ లైన్ల మరమ్మతు పని. మాస్కు ముఖానికి అతుక్కుని కూర్చోవాలి కదా... మధ్యలో వెంట్రుకలుంటే ఆ సందులోంచి విషపు గ్యాస్ లోపలికి వచ్చేస్తుంది. అందుకే అమ్మ కేరేజీ చేతికిచ్చే ముందు అరచేత్తో ఆయన గడ్డం తడిమి చూసేది. నున్నగా ఉంటేనే కేరేజీ. మేం ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం.

ఒక ఏడు వానల్లో ఆ సబ్బు పాడైంది. తడి ఆరకుండానే నాన్న మూత బిగించేసేవారు. అడుగున నీళ్ళు నిలిచి, జిగురుగా తయారై, ఒకటే ముక్కిపోయిన వాసన. ఆయన చెంపల నిండా పొక్కులు లేచాయి.

"ఏటండీ, ఈ సబ్బు కంపు కొడతంది... పారేసీండి" అంది అమ్మ.

"సబ్బుకి కుళ్ళేటే? మురికి వదిలించేదే అది!" అన్నారు నాన్న.

పొక్కుల మీద కత్తి ఆనితే మంట పుడుతుందని గీసుకోవడం మానేశారు. ఆ పొద్దున అమ్మ చెయ్యి గడ్డం దగ్గరే ఆగిపోయింది. "గరుగ్గా ఉంది... ఈయేళ పనికి నాగా పెట్టీండి."

"మాస్కు పట్టీ గట్టిగా బిగిత్తాన్లే" అని సైకిలెక్కేశారు.

మధ్యాహ్నానికే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. చిన్న లీకేనట... మాస్కు పక్కనుంచి గ్యాస్ పీల్చేశారు. మేం వెళ్ళేసరికి ఆ గ్యాస్ మత్తులో నన్ను చూసి చెల్లి పేరు పెట్టి పిలిచారు. ఆ భయం నాకింకా పోలేదు.

దేవుడి దయ వల్ల కోలుకున్నారు. ఆయన ఇంటికి వచ్చేలోపే అమ్మ ఆ డబ్బాని కాలవలో విసిరేసింది. ఆ తర్వాత వాడిన సబ్బు ఆరబెట్టాల్సిందే, వాసన మారితే పారెయ్యాల్సిందే... అలా ఆరబెట్టిన సబ్బు ఏళ్ళ తరబడి బాగుండేది.

ఇప్పుడు మా అబ్బాయి అదే పనిలో చేరాడు. వాడి గడ్డం క్రీము ట్యూబు ఎప్పుడు తెరిచాడో వాడికే తెలియదు. మూత తీశాక ఎన్ని నెలలు వాడొచ్చో దాని మీద ఉంటుంది గానీ, ఎవరు చూస్తారు? మొన్న నొక్కితే పసుపు నీళ్ళు కారాయి. కొత్తది తెచ్చి అద్దం దగ్గర పెట్టాను. దాని సీలు ఇంకా అలాగే ఉంది.

"గడ్డం తీసీరా బాబూ" అంటే, "అరే మమ్మీ, ట్రిమ్ కర్ లియా నా... చల్‌తా హై" అంటాడు. కత్తిరిస్తే చాలట!

మీ ఇళ్ళల్లో గడ్డం సబ్బు ఎన్నాళ్ళు వాడేవారు? పాడైందని ఎవరు చూసి పారేసేవారు? చెప్పండి...

నాన్న అయితే అమ్మ చెయ్యి పడేదాకా గడ్డం ఎత్తి నిలబడేవారు. ఈ పొద్దున నేను చెయ్యి ఎత్తేలోపే మావాడి బండి వీధి మలుపు తిరిగిపోయింది... వాడు షిఫ్టు దిగి వచ్చేదాకా నాకు ముద్ద దిగదు.