ఏనుగును చూడకుండా వచ్చేసిన సుగుణక్క

వినాయక చవితికి ముందు తిరుపతి బజార్లో వెలగపండ్లు రాశులు పోసి అమ్ముతారు. మొన్న ఆఫీసుకు నడిచి వెళ్తుంటే ఒక పండు దొర్లి వచ్చి ఆటో చక్రం కింద పగిలింది. పులుపూ తీపీ కలిసిన ఆ ఘాటైన వాసన ముక్కుకు తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఒకప్పుడు సుగుణక్క చేతిసంచీ ఎప్పుడూ ఇదే వాసన వేసేది. ఆమె పోయి కొన్నేళ్లయింది. రోడ్డు మధ్యలో నిలబడిపోయిన నన్ను చూసి ఆటో అతను హారన్ కొడితే గానీ కదలలేదు.

సుగుణక్క నగరిలో మగ్గం నేసే కుటుంబంలో పుట్టింది. భర్త చనిపోయాక తిరుపతికి వచ్చి, బస్టాండు దగ్గర ఒక చిన్న గదిలో ట్రావెల్స్ ఆఫీసు తెరిచింది. కొండ మీద దర్శనం చేసుకుని దిగిన యాత్రికులను మినీ బస్సులో కాణిపాకం, శ్రీకాళహస్తి, తలకోన తిప్పి తీసుకురావడం ఆమె వ్యాపారం. డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అక్కడే. ఫోన్లు ఎత్తాలి, బస్సులో వెంట వెళ్లి అన్నీ చూపించాలి. మొదటిరోజు నేను భయపడుతుంటే ఆమె నవ్వి, "తెలీనిది అడిగితే తెలీదని చెప్పు మే. మనల్ని నమ్మి బస్సెక్కినోళ్లకి అబద్ధాలు మాత్రం చెప్పొద్దు" అంది. నాకు జరిగిన ట్రైనింగంతా ఆ ఒక్క మాటే.

పులికాట్ సరస్సు దగ్గరి తడ వైపు కూడా ఒక టూరు ఉండేది. ఆ దారిలో హైవే పక్కన ఒక రిసార్టు ఉండేది. అక్కడ గౌరి అనే ఆడ ఏనుగు జనాన్ని ఎక్కించుకుని సిమెంటు బాట మీద ఒక చుట్టు తిప్పేది. ఫోటో కోసం తొండం ఎత్తి వాళ్ల తల మీద పెట్టేది. ఆ చోటును టూరులో చేర్చింది సుగుణక్కే. బస్సు పక్కన ఏనుగు బొమ్మ వేయించింది కూడా ఆమే. తనకు గౌరి అంటే ప్రాణం. వెలగపండ్ల కాలంలో సంచీ నిండా పండ్లు తెచ్చేది. గౌరి ఒక్కో పండూ అందుకుని నోట్లో వేసుకుంటుంటే, పక్కన యాత్రికులున్నారన్న సంగతే మరిచిపోయి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది.

ఒక మధ్యాహ్నం మేం వెళ్లేసరికి గౌరి తలను అటూ ఇటూ ఊపుతూ నిలబడి ఉంది. ఊపు ఆగడం లేదు. "భలే డ్యాన్స్ చేస్తోంది!" అంటూ మా బస్సులో వచ్చినవాళ్లు ఫోన్లు పైకెత్తారు. సుగుణక్క పండు అందించింది. గౌరి తీసుకుంది గానీ తినలేదు. తొండం నుంచి పండు జారి కింద పడింది. అక్క నవ్వు ఆగిపోయింది. సత్యవేడుకు అవతల తమిళనాడు పల్లె నుంచి వచ్చిన పెరుమాళ్ ఆ ఏనుగుకు మావటి. అక్క అతని దగ్గరకు వెళ్లింది.

"ఏమప్పా పెరుమాళ్, ఎందుకట్లా తల ఊపుతాండాది?"

అతను మేనేజరు గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "పొద్దన్నుంచీ ఈ సిమెంటు మిందే నిలబడుకోనుండాదమ్మా. సాయంత్రమైతే గొలుసు. ఇంగేం సేస్తాది?" అని, దాని వీపు మీద జనం కూర్చునే పీట కింద పరిచిన ఎర్రబట్ట అంచు పైకెత్తాడు. చర్మం ఊడి, మాంసం కనిపిస్తోంది. పసుపు పూశారు, మళ్లీ దాని మీదే పీట కట్టారు. "పడుకోనే పడుకోదమ్మా. పడుకుంటే మళ్లీ లేయలేనని దానికి భయం" అన్నాడు.

మా డ్రైవర్ మునిరత్నం పలమనేరు పక్కవాడు. అడవి ఏనుగులు వాళ్ల చెరుకుతోటను ఎన్నోసార్లు తొక్కేశాయి. ఏనుగన్న మాట వింటే తిట్టే మనిషి. అతను కూడా ఆ పుండు చూసి ముఖం తిప్పుకున్నాడు. "మా సేన్లో ఏనుగొస్తే నేను ఇంట్లోకి పరిగెత్తినానక్కా. ఇదేమో కర్ర సూస్తానే మోకాలేస్తాండాది. దీనికంటే మా సేను తొక్కేదే నయం" అన్నాడు.

మరుసటి రోజు నేను వెళ్లేసరికి సుగుణక్క చీర కొంగు నడుముకు దోపుకుని, బస్సు పక్కనున్న ఏనుగు బొమ్మ మీద తెల్లరంగు పూస్తోంది. పూత పల్చగా ఉండి, ఏనుగు ఇంకా లోపలి నుంచి కనిపిస్తూనే ఉంది. టూరులో ఇక ఏనుగు లేదంటే, అప్పటికే పేరిచ్చినవాళ్లకు అది నచ్చలేదు. గుంటూరు నుంచి పిల్లలతో వచ్చి బస్సెక్కిన ఒకాయన, "ఏంటండీ ఇది? ఏనుగెక్కుదామనే పిల్లల్ని తీసుకొచ్చా. ఇప్పుడు లేదంటే ఎలా?" అని కోప్పడ్డాడు.

"మీ కోపం న్యాయమే సార్. బొమ్మ ఏయించింది నేనే" అంది సుగుణక్క. "అయితే దాని ఈపు మీద పుండుండాది. నేను కండ్లారా సూసినాను. సూసినాక మీ పిల్లోళ్లను దాని మింద కూర్చోబెట్టలేను." ఆయన దిగిపోయాడు. ఆయన భార్య మాత్రం దిగేముందు అక్క చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వెళ్లింది.

రిసార్టు మేనేజరు ఆఫీసుకే వచ్చాడు. "మీరొక్కరు రాకపోతే ఏనుగు అడవికి పోతాదా అక్కా?" అని నవ్వాడు. "పోదులే నాయనా. నేను తోడుకొచ్చేటోళ్ల బరువన్నా తగ్గతాది గదా" అంది ఆమె. ఆ తర్వాత, అంతవరకూ మాకు యాత్రికులను పంపే లాడ్జీలవాళ్లు, ఏనుగు లేదని వాళ్లను వేరే బస్సులకు పంపసాగారు. తడ టూరు చాలా వారాలు నడవనే లేదు. ఖాళీ బస్సును తుడిచి తుడిచి మునిరత్నం విసిగిపోయాడు. నాకైతే ఉద్యోగం పోతుందేమోనని లోపల గుబులు. అక్క మాత్రం అటవీశాఖ ఆఫీసు చుట్టూ తిరిగింది. రేపు రమ్మంటే రేపు వెళ్లింది, సారు లేరంటే గుమ్మంలో కూర్చుంది. చివరికి పెరుమాళ్ వచ్చి, పని పోతుందని తెలిసి కూడా, అధికారుల ముందు ఉన్నదున్నట్టు చెప్పాడు. తనిఖీకి వెళ్తే ఏనుగుకు సరైన అనుమతులు కూడా లేవని తేలింది. చాలా నెలల తర్వాత గౌరిని లారీలో ఒక సంరక్షణ శిబిరానికి తరలించారు. అలవాటైన మనిషని పెరుమాళ్‌ను కూడా తోడు పంపారు.

తర్వాతి చలికాలంలో నేనూ అక్కా బస్సులు మారి ఆ శిబిరానికి వెళ్లాం. దారంతా ఆమె పెళ్లికి వెళ్తున్నట్టుగా కబుర్లు చెప్పింది. గేటు దగ్గరికి పెరుమాళ్ ఎదురొచ్చాడు. మనిషి కాస్త ఒళ్లు చేశాడు. "రండమ్మా, చెట్ల కింద ఉండాది. మిమ్మల్ని గుర్తుపడ్తాది" అన్నాడు. సుగుణక్క ఒక అడుగు వేసి ఆగిపోయింది.

"ఈపు మానిందా అప్పా?"

"మానిందమ్మా."

"పడుకుంటాండాదా?"

"మట్టిలో పొర్లి పడుకుంటాదమ్మా. గురక గూడా పెడ్తాది!"

అక్క కళ్లు తుడుచుకుంది, నవ్వింది. తర్వాత, "అయితే నిద్రపోనీలే. సూసేటోళ్లను సూసి సూసి అలిసిపోయుంటాది. ఇంగ మేమెందుకు?" అని వెనక్కి తిరిగింది. ఇంత దూరం వచ్చి చూడకుండా పోవడమేమిటని నాకు చిరాకేసింది. బస్సులో ముఖం మాడ్చుకునే కూర్చున్నాను. ఆమె మాత్రం కిటికీకి తలానించి హాయిగా నిద్రపోయింది. ఆ నిద్ర ముఖం నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

ఇప్పుడు ఆ ఆఫీసు నేను నడుపుతున్నాను. తడ టూరులో పులికాట్ సరస్సు గట్టు మీద బస్సు ఆపుతాం. పోయిన చలికాలం నీళ్లలో రాజహంసలు గులాబీ రంగు చారలా నిలబడి ఉన్నాయి. బాగా దూరంగా ఉన్నాయని, దగ్గరకు వెళ్లే దారి లేదా అని ఒకామె అడిగింది. లేదన్నాను. అంతలో అవన్నీ ఒక్కసారిగా లేచి, మా నెత్తి మీదుగా కూడా కాకుండా, అవతలి ఒడ్డు వైపు ఎగిరిపోయాయి. "అయ్యో, పోయాయే!" అని బస్సులోవాళ్లంతా నిట్టూర్చారు. చూపించాల్సింది చేజారిందని నేనూ బాధపడాలి. కానీ వాటిని పట్టి ఉంచే గొలుసు ఎక్కడా లేదన్న సంతోషంతో, అవి దూరపు నీళ్లలో మళ్లీ వాలేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాను.