రెండు పార్టీలకు ఒకే బాణీ

జెల్మా డార్డార్‌కు ఏడుపు పాటలంటే పడదు. ఆమె పుట్టి పెరిగిన లూసియానాలో, బయూ అనే బురద కాలువ ఒడ్డున ఇది దాదాపు మతద్రోహం. అక్కడ ఫిడేలు చేతికందిన ప్రతివాడూ తనను వదిలిపోయిన పెళ్లాం గురించే పాడతాడు. ఆమె ఎందుకు వదిలిపోయిందో ఆ పాట వింటేనే తెలిసిపోతుందని జెల్మా అభిప్రాయం.

మామూలు రోజుల్లో ఆమె పని రేవులోని షెడ్డులో రొయ్యల తలలు తుంచడం. శనివారం పొద్దున మాత్రం ఊళ్లోని చిన్న రేడియో స్టేషన్‌లో కూర్చుని కొత్తగా వచ్చిన పాటలు వేసేది. అందుకు జీతం లేదు. స్టేషన్ మేనేజర్ వాల్డన్ కాచిన కాఫీ ఉండేది. దాన్ని తాగడం కూడా పనికిందకే వస్తుంది.

"పాత పాటలు వెయ్యొచ్చుగా మిస్ జెల్మా, పెద్దాళ్లు అడుగుతున్నారు," అని వాల్డన్ అప్పుడప్పుడూ నసిగేవాడు.

"పెద్దాళ్లకి అవన్నీ నోటికొచ్చుగా. పాడుకోమనండి."

ఇంట్లో మొగుడు యూలిస్, పక్కింట్లో పెళ్లి పెటాకులు లేని తమ్ముడు క్లోవిస్. ఇద్దరికీ కలిపి ఒకే రొయ్యల పడవ, ఒకే వంటగది, రెండు పార్టీలు. రొయ్యల మీద బతికే యూలిస్‌ది ఏనుగు గుర్తు పార్టీ. సముద్రంలో ఎక్కడ పడితే అక్కడ చమురు తవ్వనివ్వకపోతే దేశం మునిగిపోతుందని అతని బెంగ. సగం నెల చమురు బావి మీద పనిచేసి, మిగతా సగం పడవెక్కే క్లోవిస్‌ది గాడిద గుర్తు పార్టీ. చమురు కంపెనీలన్నీ దొంగలేనని అతను ఉపన్యాసం ఇచ్చేవాడు, కంపెనీ ఇచ్చిన టోపీ నెత్తిన పెట్టుకుని. తిండి పెట్టే చేతిని ఇద్దరూ కరుస్తారు, కాకపోతే ఒకడు సముద్రం చేతిని, ఇంకొకడు కంపెనీ చేతిని అని జెల్మా షెడ్డులో ఆడవాళ్లకు చెప్పి నవ్వించేది.

ఆ ఏడాది వసంతంలో సముద్రంలో ఒక బావి పేలింది. క్లోవిస్ పనిచేసే బావి కాదు, దాని పక్కది. కానీ సముద్రంలో పక్కది అంటే ఎంత పక్కదో టీవీవాళ్లకు తెలియదు, ఫోన్లు పలకలేదు. యూలిస్ వెళ్లి హెలికాప్టర్లు దిగే మైదానం కంచె దగ్గర కూర్చున్నాడు. జెల్మా వేయించిన రొయ్యలు రొట్టెలో పెట్టి తెస్తే ముట్టుకోలేదు.

"వాడికేం కాదే. వాడి నోటికి దేవుడే భయపడి వెనక్కి పంపిస్తాడు," అన్నాడు. సిగరెట్టు తిరగేసి ముట్టించుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం క్లోవిస్ దిగాడు. యూలిస్ అతని భుజాలు పట్టుకుని కింది నుంచి పైదాకా చూశాడు. చేతులూ కాళ్లూ అన్నీ ఉన్నాయని రూఢి చేసుకున్నాక నోరు తెరిచాడు.

"ఇప్పటికైనా తెలిసిందా, మీ ప్రభుత్వం చేతగానితనం?"

"బతికొచ్చాను బావా, ముందా సంగతి చూడు. మీవాళ్లు రూల్సన్నీ ఎత్తేసిన సంగతి తర్వాత మాట్లాడదాం."

తర్వాత దాకా ఆగలేదు, ట్రక్కు ఎక్కకముందే మొదలుపెట్టారు. నడుపుతున్న జెల్మా కళ్లనిండా నీళ్లు. అడిగితే ఎండ అని చెప్పేది. ఎవరూ అడగలేదు.

చమురు ఒడ్డుకు రావడానికి తొందరపడలేదు. రాజకీయ నాయకులు దానికన్నా ముందే వచ్చారు. అసెంబ్లీ సీటుకు ఏనుగు పార్టీ తరఫున ఒక లాయరు, గాడిద పార్టీ తరఫున ఇంకో లాయరు. ఇద్దరూ కొత్త రబ్బరు బూట్లు తొడుక్కుని, వేర్వేరు రోజుల్లో ఒకే రెల్లుపొద దగ్గర నిలబడి ఫొటోలు దిగారు. తప్పంతా అవతలివాళ్లదేనని ఇద్దరూ చెప్పారు. ఆ పొద మాత్రం ఇద్దరి ఫొటోల్లోనూ బాగా పడింది.

రొయ్యల వేట ఆపేశారు. చమురు ఒలకబోసిన కంపెనీయే పడవలను కిరాయికి తీసుకుని, చమురు పాకకుండా నీటి మీద తేలే అడ్డుగొట్టాలు వేయమంది. యూలిస్, క్లోవిస్ ఒకే పడవలో పొద్దస్తమానం పక్కపక్కన పనిచేసేవారు, మాట్లాడుకునేవారు కాదు. ఇంటికొచ్చాక గంబో కూర గిన్నె ముందు కూర్చుని జెల్మా ద్వారా తిట్టుకునేవారు.

"మీ తమ్ముడికి చెప్పు, ఇవాళ గొట్టం తిరగేసి కట్టాడని."

"అక్కా, ఆయనకి చెప్పు, ఎలా కట్టినా నూనె కిందనుంచే పోతోందని. ఆయన పార్టీలాగే, అడ్డం చెప్పేవాడే లేడు."

"నాకు పోస్టాఫీసులో ఉద్యోగం ఎవరిచ్చార్రా?" అనేది జెల్మా. "తినండి. రేపట్నించి ఈ కూరలో రొయ్యలుండవు."

షెడ్డు మూతపడటంతో ఆమె కూడా తీరం శుభ్రంచేసే పనికి పేరిచ్చింది. ముందు శిక్షణ. టెక్సాస్ నుంచి వచ్చిన కుర్రాడు ఇసుకలోంచి తారు ఉండలు ఎలా ఏరాలో బొమ్మలు వేసి చూపించాడు.

"చేత్తో ముట్టుకోకూడదమ్మా. తొడుగులుండాలి, ఒళ్లంతా కప్పే సూటుండాలి."

"ప్రమాదమా?"

"అబ్బే, ప్రమాదమేం లేదు."

"మరైతే ముట్టుకుంటే ఏం?"

"ముట్టుకోకూడదు."

"మా ఆయన్ని చేసుకునేముందు మా అమ్మ కూడా ఇలాగే చెప్పింది," అంది జెల్మా. వెనక వరుసలు నవ్వాయి. కుర్రాడు తరువాతి బొమ్మకు వెళ్లిపోయాడు.

ఈలోగా రేడియో స్టేషన్‌కు కొత్త పాటలు పెట్టెలకొద్దీ రావడం మొదలైంది. సముద్రం ముఖం ఎన్నడూ చూడని గాయకులంతా గూడబాతు మీద తలా ఒక పాట కట్టారు. నూనెలో తడిసిన గూడబాతు, రెక్కలాడించలేని గూడబాతు, తల్లిని వెతుక్కునే గూడబాతు. కొత్త పాటలు కావాలని ఇన్నాళ్లూ కోరుకున్నందుకు జెల్మాకు తగిన శాస్తి జరిగింది: పాత ఏడుపే కొత్త గొంతులతో ఇంటికొచ్చింది. ఒక శనివారం వరసగా విని, "ఈ వేసవిలో నూనె వల్ల చచ్చిన పక్షులకన్నా పాటల్లో చచ్చినవే ఎక్కువ," అని మైకులోనే అనేసింది.

వేసవి చివర్లో ఇద్దరు అభ్యర్థులూ ప్రచార గీతాలు పంపారు. జెల్మా ముందుగా వినలేదు. శనివారం ఏనుగు పార్టీది వేసింది. "మన రొయ్య, మన చమురు, మన మనిషి" అని అకార్డియన్ మీద ఊపుగా సాగింది. తర్వాత గాడిద పార్టీది వేసింది. అదే అకార్డియన్, అదే ఊపు, అదే గొంతు: "మన రొయ్య, మన నీరు, మన మనిషి." ఎక్కడో నాష్‌విల్‌లో కూర్చున్న ఒకే పెద్దమనిషి ఇద్దరికీ అమ్ముకున్నాడు.

జెల్మా మైకు దగ్గరికి లాక్కుంది. "ఒకే పాట రెండుసార్లు వేశాననుకోకండి. రెండోదాంట్లో చమురు తీసేసి నీళ్లు పెట్టారు. మన గల్ఫు సముద్రంలో కూడా అంత తేలిగ్గా అయ్యుంటే ఎంత బావుండేది!"

ఫోన్లు మోగాయి. తమ నాయకుడి పాటను అవతలివాడు దొంగిలించాడని ఇరుపక్షాలవాళ్లూ అరిచారు. సాయంత్రానికి రెండు పార్టీలూ తమ ప్రకటనలు ఆపేస్తామన్నాయి; ఆ ఏడాది ఆ రెండూ ఏకమైన సందర్భం అదొక్కటే. వాల్డన్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"క్షమాపణ చెప్పెయ్యండి మిస్ జెల్మా. నాకోసం."

జెల్మా వచ్చే వారం చెప్పింది. "పోయిన శనివారం జరిగినదానికి మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుకుంటున్నాను, ఆ బాణీని. పాపం దానికి ఇద్దరు మొగుళ్లని తెలీక బయటపెట్టేశాను."

ఆ మధ్యాహ్నమే ఆమె కార్యక్రమం పోయింది. ఆ సమయంలో వాల్ట్జులని పాత నాట్యపు పాటలు వేయడం మొదలైంది.

జెల్మా ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఇంట్లో మగవాళ్లిద్దరినీ భయపెట్టింది. శనివారం పొద్దున ఆమె రేడియో కట్టేసి, తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ కూర్చుంది. తిట్లు అందించే మనిషి నోరు మెదపకపోవడంతో ఇద్దరూ ఒకరినొకరు నేరుగా తిట్టుకోవలసి వచ్చింది, అది బాగా ఇబ్బందైంది.

"ఒరే, ట్రక్కు తియ్యి," అన్నాడు యూలిస్ చివరికి.

ఇద్దరూ స్టేషన్‌కు వెళ్లి వాల్డన్ బల్లముందు నిలబడ్డారు, నూనె బూట్లతోనే. మా మనిషిని మళ్లీ కూర్చోబెట్టకపోతే ఈ తివాచీ మీదనుంచి కదలబోమన్నారు. వాల్డన్ తివాచీ చూసుకున్నాడు. పాత వాల్ట్జులకు ప్రకటనలిచ్చేది శవపేటికల దుకాణం ఒక్కటేనన్న సంగతి కూడా అతనికి గుర్తుంది. జెల్మా వచ్చే శనివారం రావచ్చన్నాడు.

తిరిగొస్తూ ఇద్దరూ ఎన్నో నెలల తర్వాత ఒక మాట మీద నిలబడ్డారు. వాల్డన్ పిరికివాడు.

"గాడిద పార్టీ కదా, అలాగే ఉంటాడు," అన్నాడు యూలిస్.

"వాడు ఏనుగు పార్టీ బావా! నేను చూశాగా వాడి కారు మీద స్టిక్కరు!"

ఇల్లు చేరేదాకా అదే గొడవ. ఎన్నికల్లో ఇద్దరు లాయర్లలో ఒకడు గెలిచాడు. చలికాలానికి వేట మళ్లీ తెరిచారు, వలలో రొయ్యలు అరకొరగా పడ్డాయి, ఊరు కొన్నాళ్లు వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి తినేది.

వాల్డన్ రమ్మన్న శనివారమే జెల్మా తన కుర్చీలోకి తిరిగి వెళ్లింది. ఆ శనివారం ఎగువ ఊరి అమ్మాయిలు ముగ్గురు తమ గ్యారేజీలో రికార్డు చేసి పంపిన పాట ఒకటి వేసింది. అందులో నూనె లేదు, గూడబాతు లేదు, వదిలిపోయిన పెళ్లాం అసలే లేదు. డ్రమ్ము కొంచెం తాళం తప్పింది. జెల్మా కాఫీ కప్పు పక్కన పెట్టి, బల్ల మీద వేళ్లతో ఆ తప్పిన తాళమే వేసింది.

పాట అయ్యాక ఫోను మోగింది. "ఈ పిల్లలు ఏ పార్టీ?" అని అడిగింది ఒక గొంతు.

జెల్మా ఫోను పెట్టేసి, అదే పాట మళ్లీ వేసింది.