షరతులమ్మ సంతకం

మా పిన్నిని కార్ల షోరూములో అందరూ షరతులమ్మ అంటారు. వారంటీ బల్ల దగ్గర పంతొమ్మిదేళ్ళుగా ఆవిడే. కొత్త కారు కొన్నవాళ్ళు తాళాల కోసం చెయ్యి చాపితే, ముందు ఆ చేతిలో 'సమగ్ర వారంటీ' పుస్తకం పెడుతుంది.

"సమగ్రం అని రాశారు గానీ అన్నీ రావండీ. తయారీలో లోపమైతే కంపెనీది. బ్రేకు ప్యాడ్లు, వైపర్లు వాడేకొద్దీ అరుగుతాయి, అవి మీవే," అని మొదలుపెడుతుంది. ఫొటోల హడావుడిలో ఉన్నవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. పక్కనే విడిభాగాల కౌంటరులో కూర్చునే నాకూ మండేది. ఆవిడ లేచేదాకా నాకు భోజనం లేదు మరి.

ఒక రోజు, ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసే నర్సమ్మ తన కారును లాగించుకొచ్చింది. కొని ఏడు నెలలే. స్టీరింగు బిగుసుకుపోయింది. మేనేజరు డాష్‌బోర్డు వైపు ఓ చూపు చూసి తేల్చేశాడు.

"మ్యూజిక్ సిస్టం బయట పెట్టించారు, వైర్లు కోశారు. వారంటీ పోయినట్టే."

నర్సమ్మ తన మందుల సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. "కారు లేకపోతే నా పేషెంట్ల దగ్గరికి ఎలా వెళ్ళనండీ?" అంది.

పిన్ని కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరిచింది. "బయట పెట్టించిన వస్తువు వల్ల ఏది చెడితే దానికే వర్తించదని ఉంది సార్. కారు మొత్తానికి పోతుందని లేదు."

"దీనివల్ల కాదని ఎవరు రాసిస్తారు? కంపెనీ తనిఖీలో తేడా వస్తే, రాసినవాళ్ళ ఉద్యోగం ఊడుతుంది."

"చూసి నేనే రాస్తాను," అంది పిన్ని.

యాభై నాలుగేళ్ళ మనిషి, పైగా మోకాళ్ళ నొప్పులు. మెకానిక్ టార్చి పట్టుకుంటే డాష్‌బోర్డు కిందికి దూరింది. కోసిన వైరు వెంట వేలు పోనిస్తూ గంటసేపు వెతికింది. అది ఫ్యూజుల పెట్టె దగ్గరే ఆగిపోయింది. చెడిపోయింది స్టీరింగును తిప్పే మోటారు; దానికి వెళ్ళే వైరు వేరు, దాని మీద కంపెనీ సీలు చెక్కుచెదరలేదు.

నేను ఆవిడను పక్కకు పిలిచాను. "నీకెందుకు పిన్నీ ఈ తలనొప్పి? ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది."

"చూసింది చూసినట్టు రాయడానికి భయమెందుకే?" అని, రాసి, కింద సంతకం చేసింది. నేను మాత్రం మూడు రోజులు, షోరూము ముందు ఏ కారు ఆగినా తనిఖీవాళ్ళేమోనని తొంగిచూశాను.

నాలుగో రోజు తనిఖీ అధికారి వచ్చాడు. అతనూ ఆ వైరు వెంటే వెళ్ళి, అక్కడే ఆగాడు. కొత్త మోటారు మంజూరైంది. ఇంత గట్టి మనిషి మా ఇంట్లో ఉందని నాకు అప్పుడు తెలిసింది.

కారు తీసుకోవడానికొచ్చిన నర్సమ్మ, "లోపలి లైటు కూడా వెలగట్లేదండీ, అది కూడా రాసేద్దురూ," అంది.

పిన్ని చూసింది. "ఇది మ్యూజిక్ సిస్టం వల్లే పోయింది. దీన్ని మీరే వేయించుకోవాలి."

నర్సమ్మ నవ్వి సరేనంది. మేనేజరు పక్కనే నిలబడి విన్నాడు.

అప్పటినుంచి, పిన్ని సంతకం ఉన్న కాగితమైతే ఆయన చదవకుండానే కింద తన సంతకం పెట్టేస్తున్నాడు. పిన్ని మాత్రం ఆ కాగితాన్ని మళ్ళీ ఆయన బల్ల మీదే పెట్టి, "చదివి పెట్టండి సార్," అంటుంది.