చెవులు మంచిగున్నోని కొడుకు

మా బాపు రోజూ బొగ్గుబాయిలో దిగేముందు చెవులు పట్టుకొని, "దేవుడా, నీ మాట దాటనియ్యకు" అని మొక్కేవాడు.

ఆయన మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ నౌకరీ కొడుకునైన నాకొస్తుంది. అందుకే చెవుడు నటించమని ఇంటిల్లిపాదీ బతిమాలాం.

పరీక్షరోజు డాక్టరు బాపు వెనక నిలబడి మెల్లగా, "వినపడుతుందా పెద్దాయనా?" అన్నాడు.

బాపు చెవులు పట్టుకున్నాడు. "మంచిగనే ఇనవడ్తాంది సారూ."

బయటికొచ్చాక, "నా నౌకరి పోగొట్టినవ్ గదనే బాపూ!" అని ఏడ్చాను.

"అబద్ధమాడొద్దన్నది దేవుడు. రేపు బాయిల దిగేటప్పుడు ఏ మొఖం పెట్టుకొని మొక్కాలె బిడ్డా?" అన్నాడు.

ఇప్పుడు నేను గోదావరిఖనిలో ఆటో నడుపుతున్నాను. అడ్డామీద అందరూ నన్ను "చెవులు మంచిగున్నోని కొడుకు" అని పిలుస్తారు.

ఆటో వెనక అదే రాయించుకున్నాను.