హిమబిందు రాసిన చెప్పకూడని మాట

హిమబిందు నోట చెడ్డమాట రాదండీ. పద్మనాభం ఊళ్లో వాళ్లమ్మ పైడితల్లి అలా పెంచింది మరి! ఆ ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. నల్లపూసలు తెగినా సరే, పెరిగాయి అనాలి. గుమ్మం దాటేవాళ్లు "ఎల్తన్నాను" అన్నారో, పైడితల్లి వెనక్కి పిలిచి "ఎల్లొత్తాను" అనిపించిగానీ వదలదు.

అలాంటి పిల్లకి దొరికిన ఉద్యోగం చూడండి!

రోజూ బస్సెక్కి పట్నానికి, సీతమ్మధారలో ఓ చిన్న కంప్యూటర్ ఆఫీసుకి వస్తుంది. వాళ్లు దుకాణాలకి ఏఐ ఏజెంట్లు తయారుచేసి ఇస్తారు. ఏజెంటంటే ఇన్సూరెన్సు ఏజెంటు కాదండోయ్. మనం తెలుగులో ఓ మాట చెప్తే అర్థం చేసుకుని, కంప్యూటర్లో పని తనే చేసేస్తుంది. దానికి కొన్ని పనిముట్లిస్తారు, టూల్స్ అంటారు. వెతకడానికొకటి, దాచడానికొకటి, చెరపడానికొకటి. ఏ టూలు ఏం చేస్తుందో దానికి చూస్తే తెలీదు పాపం. టూలు పక్కన ఎవరో రాసిన రెండు ముక్కలు చదివే తెలుసుకోవాలి. ఆ ఎవరో మన హిమబిందే.

వన్ టౌన్‌లో దావూద్ గారి టైలరింగ్ షాపుకి సోమవారం నుంచి ఏజెంటు పెట్టాలి. దావూద్ గారి నాన్న కాలం నుంచీ బట్టలు కుట్టించుకున్నవాళ్ల కొలతలన్నీ కూతురు నర్గీస్ కూచుని కంప్యూటర్లోకి ఎక్కించింది. పాత చీటీలు చెదలు తినేశాయి. ఇప్పుడు ఉన్నవల్లా ఆ కంప్యూటర్లోవే.

శుక్రవారంనాడు ఆ కొలతల నకలు మీద పరీక్ష చేశారు. "ఈమధ్య రానివాళ్లని కాస్త పక్కనపెట్టు" అంది నర్గీస్. ఏజెంటు చక్కగా చెరిపేసింది. ఏడాదికోసారి రంజానుకి మాత్రమే వచ్చేవాళ్లంతా మాయం!

ఆఫీసు పెద్ద దేవీప్రసాద్ చెరిపే టూలు పక్కన రాసింది చదివి తలపట్టుకున్నాడు.

"పాత కొలతల్ని సాగనంపుతుంది, అని రాసావేటమ్మా? ఇదేమన్నా పెళ్లా? పాపం అదేదో మర్యాద చేస్తున్నాననుకుంది!"

"చెరిపేస్తుంది, పోతాయి అని రాయడానికి... చెయ్యి రాలేదు సార్."

"సోమవారం అసలు కొలతలు దాని చేతిలో పెడతన్నాం. అవి పోతే ఆయన ముందుకి నాను వెళ్లలేను. నువ్వెళ్తావా?"

హిమబిందు కింద ఇంకో ముక్క చేర్చింది. "జాగ్రత్తగా వాడవలెను." ఈసారి ఏజెంటు ఎంతో జాగ్రత్తగా, ఒక్కోటీ చూసుకుంటూ, అన్నీ చెరిపింది. దేవీప్రసాద్‌కి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఆదివారం ఇంటి దగ్గర కూడా ఆ పిల్లకి అదే దిగులు. వాకిట్లో కూచుని ఆలోచిస్తోంది. ఇంతలో అన్నయ్య కూతురు కీర్తన, నాలుగేళ్లది, వరికి కొట్టే పురుగుమందు డబ్బా మూత తిప్పుతూ కనపడింది.

"ముట్టుకోకు! తాగితే సచ్చిపోతావ్! మరింక లెగవు!"

ఊరు ఊరంతా వినపడేలా అరిచింది. లోపల్నించి పైడితల్లి పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! పసిపిల్లని పట్టుకుని అయ్యేటి మాటలే?"

"మరేటనమంటావమ్మా? సల్లగా సెప్తే దానికెలా తెలుస్తాది?"

అనేసి, తనే ఆగిపోయింది. డబ్బా అటకెక్కించి, బెదిరిపోయిన పిల్లని ఒళ్లో కూచోబెట్టుకుంది.

"దాహమేస్తే కుండలో నీళ్లు తాగాల. అది మాత్రం పెద్దోళ్లని అడక్కుండా ముట్టుకోకూడదు. తెలిసిందా తల్లీ?"

కీర్తన తలూపింది. హిమబిందు కూడా తలూపింది, తనకి తనే.

సోమవారం పొద్దున్న బస్సులో ఫోన్ తీసి రాసుకుంది. "ఇది కొలతల్ని చెరిపేస్తుంది. చెరిపినవి మళ్లీ రావు, ఎవరూ తేలేరు. పక్కనపెట్టమంటే ఇది వాడకు, దాచే టూలు వాడు. చెరపమని చెప్పినా సరే, ఎవరివి పోతాయో ముందు పేర్లు చూపించు. అవునంటేనే వాడు."

దేవీప్రసాద్‌తో షాపుకెళ్లి, టూలు పక్కన అదే ఎక్కించింది. దావూద్ గారు అది చదివి కళ్లజోడు తీశారు. "ఇంత కఠినంగానా బేటీ?" అని, తనే కుర్చీ లాక్కుని ఏజెంటుకి చెప్పారు. "పాతవాళ్లందర్నీ తీసిపారెయ్!"

హిమబిందు తెర మీదికి వంగింది. ఈసారివి నకలు కావు కదా!

తెర మీద జవాబొచ్చింది. "చెరిపితే ఇవి మళ్లీ రావు. చెరపాల్సింది వీళ్లవేనా?" కింద పేర్లు. అందులో మొదటిది వరహాలు గారిది.

"అరే! హార్బర్ వరహాలు! మా అబ్బా, మా నాన్నే, కుట్టిన కోటు వేసుకునే పెళ్లిచేసుకున్నాడు. వద్దొద్దు, ఉంచు! ఆ కిందాయన... ఆయన్నీ ఉంచు!"

"ఇంకెవర్ని తీస్తావ్ అబ్బా నువ్వు?" అని నర్గీస్ పకపకా నవ్వింది. ఏజెంటు ఒక్కర్నీ చెరపలేదు. దేవీప్రసాద్ అందరికీ టీలు చెప్పాడు.

సాయంత్రం హిమబిందు ఇంటికెళ్లి అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "పోతాయి, మళ్లీ రావు అని రాసానమ్మా."

పైడితల్లి చేటలో బియ్యం ఏరడం ఆపింది. "ఎక్కడ కూకుని రాసావ్?"

"బస్సులో."

"బస్సులోనా? అయితే పర్వానేదు. మనింట్లో కాదు గదా!" అని మళ్లీ బియ్యం ఏరుకుంది.