మా ఏలూరు ఆఫీసు మొదటి మేనేజరు గారు

మా మేనేజరు గారు పోయారన్న కబురు మొన్న సోమవారం పొద్దున్న ఆఫీసులో ఉండగా తెలిసింది. తాడేపల్లిగూడెం నుంచి ఆవిడ చెల్లెలు ఫోను చేశారు. "అక్క ఇందాకే వెళ్ళిపోయిందండీ. ఆఫీసు వాళ్ళకి చెప్పడం మర్చిపోవద్దంది," అన్నారు. ఫోను పెట్టేశాక కూర్చోలేకపోయాను. మెట్లు దిగాను, మళ్ళీ ఎక్కాను. ఎదురైనవాళ్ళలో చాలామంది ఆవిడను ఎప్పుడూ చూడనివాళ్ళే. ఎవరికి చెప్పాలో తోచక ఇది రాస్తున్నాను.

మాది విదేశీ కంపెనీ. చేపల చెరువుల్లో ఆక్సిజన్‌ను కొలిచే పరికరాలూ, వాటి సాఫ్ట్‌వేరూ తయారుచేస్తుంది. ఏలూరులో మొదలైనప్పుడు మోటార్లు బాగుచేసే షాపు పైన ఒక అద్దె హాలు, అందులో గుప్పెడు మందిమి. ఆవిడ అంతకుముందు గూడెంలో ఫిజిక్స్ లెక్చరరు. హెడ్డాఫీసు వాళ్ళు తయారుచేసి పంపినదాన్ని పరీక్షించి, తప్పులుంటే చెప్పడమే మా పని. ఆ పాటి పని ఆవిడకు ఆనేది కాదు. విడిగా గది వద్దన్నారు. తన టేబులు కొన్నాళ్ళు ఒకరి పక్కన, కొన్నాళ్ళు ఇంకొకరి పక్కన వేయించుకునేవారు. "పక్కన కూర్చుంటే గానీ మీ చిరాకు నాకు తెలీదండీ," అనేవారు. నిన్న చేరిన పిల్లల్ని కూడా మీరు అనే పిలిచేవారు.

కొన్నేళ్ళకు ఏలూరు ఆఫీసు మూసేసి హైదరాబాదులో కలిపేస్తామని పైనుంచి చెప్పారు. మాలో కొందరికి అది సంతోషమే. నాకూ వెళ్ళాలనే ఉండేది. ఆవిడ ఎవరినీ ఆపలేదు. "వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. కానీ మనం ఇక్కడెందుకున్నామో ఆ పైవాళ్ళు ఒక్కసారి చూడాలి," అన్నారు.

అప్పటికే మండవల్లి రైతు ఒకాయన మా చుట్టూ తిరుగుతున్నారు. పరికరం అంతా బాగుందని చూపిస్తుండగానే ఆయన చెరువులో చేపలు చచ్చిపోతున్నాయి. ప్రయోగశాలలో ఏ లోపమూ లేదని హెడ్డాఫీసు తేల్చేసింది. ఆ పరికరాన్ని రూపొందించిన ఇంజనీరమ్మే మా ఆఫీసు తరలింపు పని చూడటానికి హెడ్డాఫీసు నుంచి వచ్చింది. మేనేజరు గారు ఆమెను తెల్లవారేసరికి ఆ చెరువు గట్టు మీద నిలబెట్టారు.

చేపలు ఊపిరాడక గుంపులుగా పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. రైతు నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు వేయమని కేకలు పెడుతూ పరుగెత్తారు. పరికరం మీద అంకె మాత్రం ముందురోజు సాయంత్రం ఉన్నచోటే ఉంది. ఇంజనీరమ్మ దాన్ని పైకి లాగి చూసింది. నాచు పొర దళసరిగా పట్టేసి ఉంది. వేలితో దాన్ని గీకి మళ్ళీ నీళ్ళలో ముంచేసరికి అంకె పడిపోయింది.

"మమ్మల్ని హైదరాబాదు తీసుకెళ్ళిపోతే ఈ నీళ్ళు రోజూ చూసేదెవరండీ?" అని అడిగారు మేనేజరు గారు. మాటలన్నీ ఇంగ్లీషే, చివర్లో అండీ మాత్రం దానంతటదే వచ్చేసింది.

తరలింపు ఆగింది. ఆ పరికరాన్ని మళ్ళీ రూపొందించే పని మాకే వచ్చింది. తేలిగ్గా ఏం కాలేదు. మొదటి నమూనా పాడైంది, రెండోదీ పాడైంది. ఆవిడ మండవల్లి, ఉండి ఊళ్ళలోని చెరువుల వెంట తిరుగుతూనే ఉన్నారు. మూడోది నిలిచాక పని వెనక పని వచ్చింది. హాలు భవనమైంది. ఇప్పుడు హైవే పక్కన ఇంత పెద్ద క్యాంపస్. ఎక్కడెక్కడి దేశాల చెరువులకో ఇక్కడే సాఫ్ట్‌వేరు రాస్తున్నాం.

అయినా ఆవిడకు స్థిమితం లేదు. క్యాంపస్ ప్రారంభం రోజున అందరూ ఫొటోలు దిగుతుంటే నన్ను పక్కకు పిలిచి, "వీళ్ళలో చెరువు చూసినవాళ్ళెవరైనా ఉన్నారాండీ?" అని అడిగారు. మర్నాటి నుంచే కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం చెరువుల దగ్గరే గడపాలన్నారు. ఎండకు సణుక్కున్నవాళ్ళున్నారు. అక్కడ నేర్చుకున్నది తర్వాత పనికొచ్చిందని చెప్పినవాళ్ళూ ఉన్నారు.

ఆవిడ రిటైరయ్యాక పైవాళ్ళు ఆ పద్ధతి ఎత్తేశారు. ఈమధ్య జబ్బుగా ఉంటే చూడటానికి గూడెం వెళ్ళాను. దాచడం ఇష్టంలేక ఆ సంగతి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. మంచం మీద లేచి కూర్చుని, "వాళ్ళు పంపకపోతే ఆదివారాలు మీరే తీసుకెళ్ళండి. ఇవాళ నన్ను తీసుకెళ్ళండి," అన్నారు.

చెల్లెలు వద్దంటున్నా వినలేదు. కారులో మండవల్లి దాకా వెళ్ళాం. కొల్లేరు వైపు నుంచి గాలి గట్టిగా వీస్తోంది. నా చెయ్యి పట్టుకుని గట్టు దిగి, నీళ్ళ అంచున మెల్లగా కూర్చున్నారు. మణికట్టు దాకా చెయ్యి నీళ్ళలో పెట్టారు. ఏరేటర్లు తిరుగుతుంటే చిన్న చిన్న అలలు వచ్చి ఆ చేతిని తాకి విడిపోతున్నాయి.

"ఇక వెళ్దాం మేడమ్," అన్నాను.

ఆవిడ చెయ్యి తీయలేదు.