తడి ఆకుల నడుమ ఉత్తరం

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. మనుషులు లేక కాదు, నోరు రాక. యాభై దాటాక మహిళా సంఘం నడిపే బడిలో పలక పట్టి అక్షరాలు నేర్చుకున్నాను. నోటితో చెప్పలేనిది చేత్తోనైనా చెప్పగలనేమోనని, ముఖమెరుగని మీకు రాస్తున్నాను. నా పేరు అడగకండి.

మాది కోరుట్ల దగ్గర పల్లె. పెళ్లినాటికి నాకు బీడీలు చేయడం తప్ప ఏమీ రాదు. నన్ను చేసుకున్నది మేనత్త కొడుకు, మా బావ. వరంగల్‌లో ఇంజనీరు చదువు చదివాడు. చిన్నప్పుడే అనుకున్న సంబంధం కాబట్టి నన్ను కాదనలేదు. కాదనాలని లేదా, కాదనలేకపోయాడా? ఇప్పటికీ తెలియదు.

ఆయనకు ఓడల పిచ్చి. ఓడలను ఎలా కట్టాలో నేర్పే ఎం.టెక్ చదువు సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో ఉందట. దాని ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడే మొదటిసారి సముద్రం చూశాడు. అంతకు ముందు చూసిన పెద్ద నీళ్లంటే గంభీరావుపేట దగ్గరి మానేరు ప్రాజెక్టే. వచ్చాక అదే ముచ్చట. నేను వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తుంటే పక్కన కూర్చునేవాడు.

"నువ్వు అచ్చు వెట్టి ఆకు కోస్తవ్, అటెనుక చుడుతవ్. ఓడకు గూడ గంతే పిల్లా. సాపు ఇనుప రేకును కోసి వంచుతరు. యాడ ఎంత వంచాల్నో లెక్క గట్టుడే నా సదువు."

"గట్లయితే నాకు సగం సదువు అచ్చినట్టే గద బావా!" అని నవ్వేదాన్ని.

ఆకుతో పడవ చేసి నీళ్ల గోలెంలో వదిలేవాడు. ఒరిగిపోతే అడుగున చిన్న రాయి పెట్టేవాడు. నిటారుగా నిలబడేది. బరువు అడుగున ఉంటే ఓడ పడిపోదన్నాడు. నేను నవ్వుతూనే, ఆయన చదవబోయే ఆ సముద్రపు ఊరి గురించే ఆలోచించేదాన్ని. ఆ ఊళ్లో చదువుకున్న ఆడవాళ్లుంటారు. నేనేమో ఇక్కడ, తంబాకు వాసనతో.

అవి అన్నల కాలం, అంటే నక్సలైట్ల కాలం. పొద్దున అన్నలు వచ్చి మాట్లాడిపోతే, సాయంత్రానికి పోలీసులు వచ్చి ఏం మాట్లాడారని అడిగేవారు. తపాలా సంచులు కూడా పోలీసులు విప్పి చూస్తున్నారని ఊళ్లో అనుకునేవారు.

ఒక మధ్యాహ్నం రిజిస్టరు ఉత్తరం వచ్చింది. ఆయన సిరిసిల్లలో చెల్లెలి ఇంటికి వెళ్లాడు. పోస్టుమాన్ కవరు మీది కాలేజీ పేరు చదివి, "సీటు అచ్చినట్టుందమ్మా. తారీఖు దాటితే ఇయ్యరు, జెల్ది ఇయ్యి" అన్నాడు. వేలిముద్ర వేసి తీసుకున్నాను.

రెండు రోజులు నా దగ్గర ఉంచుకుందామనుకున్నాను. ఆ రెండు రోజులూ ఆయన ఇంకా నా మనిషే. నిజంగా రెండు రోజులేనా? ఆ మాట నేనే నమ్మలేను. అంతలో వాకిట్లో, సిరిసిల్ల నుంచి తిరిగొచ్చిన ఆయన గొంతు. పక్కనే, తెల్లారి కోయడానికి తడిపి గోనెపట్టలో చుట్టిన ఆకు. కవరును దాని నడుమకు తోసేశాను.

"ఉత్తరమేమన్న అచ్చిందానే?"

"రాలే."

"గిన్ని దినాలాయె. రావాల్నే."

"పోలీసోళ్లు సంచులు ఇప్పుతున్నరంట గద బావా. గాళ్ల తాన్నే వడ్డదేమో."

రాలేదన్నదానితో ఆగి ఉండాల్సింది. ఆ రెండో మాట ఎందుకన్నాను?

తెల్లారి పట్ట విప్పితే కవరు మెత్తబడింది. సిరా పారింది, ఆకు మరక పట్టింది. ఆకు మెత్తబడాలని రోజూ నా చేత్తోనే తడుపుతాను. కాగితానికి కూడా అదే గతి పడుతుందని, కాగితంతో పనిలేని నాకు తట్టలేదు. ఇక ఏ ముఖంతో ఇస్తాను? ఆరబెట్టి పెట్టె అడుగున దాచాను.

ఆ పోస్టుమాన్ పోలీసుల తనిఖీలకు భయపడి ఆ వారమే బదిలీ చేయించుకున్నాడు. ఉత్తరం నా చేతికిచ్చానని బావకు చెప్పేవారు లేకుండా పోయారు. బావ పది రోజులు చూసి, తన సర్టిఫికెట్లు, గీసుకున్న ఓడల బొమ్మలు సంచిలో పెట్టుకుని, ఉత్తరం అడగడానికి పోలీస్ స్టేషన్‌కు వెళ్లాడు. నా మాట నమ్మి. ఆ బొమ్మలు దేని నకాషా, అన్నల కోసం గీసిన ప్లానా అని అడిగారట. మూడు రోజులు ఉంచుకున్నారు. సంచి లేకుండా, వాచిన కాళ్లతో వచ్చాడు. వేడినీళ్లతో ఆ కాళ్లకు కాపడం పెట్టాను. పెట్టె అక్కడే, చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. ఇంకా గడువు ఉందేమో కూడా. చెప్పలేదు.

సర్టిఫికెట్లు మళ్లీ చేతికి రాలేదు. అడగడానికి ఆయన ఆ గడప తొక్కలేదు. కొన్నేళ్లకు కోరుట్ల ఏజెంటును పట్టుకుని దుబాయి పోయాడు. ఓడలు మరమ్మతు చేసేచోట, ఓడ కడుపు కింద పడుకుని తుప్పు గీకే పని. పద్నాలుగేళ్లు.

ఆయన ఉత్తరాలు ఎవరో ఒకరు చదివిపెట్టేవారు. వాటిలో ఓడల ఊసే ఉండేది కాదు. వాళ్లు చదవకుండా వదిలేశారేమో, నేనే చదివితే ఎక్కడో దొరుకుతుందేమోనని అక్షరాలు నేర్చుకున్నాను. అన్నీ తీసి చదివాను. ఎక్కడా లేదు. చివరికి పెట్టె అడుగునున్న ఆ కవరు తీశాను. అది ఇంగ్లీషు. నా అక్షరాలు దానికి పనికిరాలేదు. మనవరాలి పుస్తకం పక్కన పెట్టుకుని ఆయన పేరు ఒక్కటి పోల్చుకున్నాను.

ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. టీవీలో ఓడ కనబడితే లేచి బయటికి వెళ్తాడు. ఎవరైనా చదువు సంగతి ఎత్తితే, "నా ఉత్తరం పోలీసోళ్లు మింగిండ్రు" అంటాడు. నేను చాయ్ కలుపుతూ వింటాను. మనిషి ఎదురుగానే ఉన్నాడు, అయినా ఆయన కోసమే ఎదురుచూస్తున్నాను. చాట పక్కన కూర్చుని రేకు వంపు గురించి చెప్పిన మనిషి కోసం. మళ్లీ ఒక్క ఆకు పడవ చేస్తే చాలనిపిస్తుంది. అది కోరే హక్కు నాకుందా?

బరువు అడుగున ఉంటే ఓడ పడిపోదన్నాడు. ఇన్నేళ్లు నేను పడకుండా నిలబడింది అందుకేనా? అలా అనుకోవడం కూడా నన్ను నేను బుజ్జగించుకోవడమే.

ఇందాక ఈ కాగితం చివర ఒక మాట రాశాను. రాసింది సరిగ్గా ఉందో లేదోనని, బడిలో నేర్పినట్టు వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివాను. "ఉత్తరం అచ్చింది బావా. నేనే దాచిన."

అప్పటిదాకా వాకిట్లో వినబడుతున్న ఆయన దగ్గు ఆగింది. విన్నాడో, దగ్గే ఆగిందో తెలియదు. ఆ మాట నా నోట వినడం నాకే మొదటిసారి.